కాటా మీద అన్నయ్య

"ఎంతుందమ్మా?" అని అడిగాడు అన్నయ్య, ఎదురుగా గోడకేసి చూస్తూ. తల వంచినా అంకె కనపడదు, పొట్ట అడ్డం.

"121 కిలోల 400 గ్రాములండీ" అంది సిస్టర్, ఫైల్లో రాసుకుంటూ.

మా అన్నయ్యకి గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కాటా ఎక్కించడం, దించడం, చీటీ రాయడం. ముప్పై ఏళ్లుగా అదే పని. అలాంటివాడికి తను కాటా ఎక్కాలంటే మాత్రం మహా సిగ్గు. మే ఆఖరి శనివారం మొదటిసారి ఈ ఆసుపత్రికి వచ్చినప్పుడు 128 కిలోలు తూగాడు. "మూడు టిక్కీలు" అన్నాడు తనే, మమ్మల్ని నవ్విద్దామని. వదిన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఇవాళ ఆగస్టు ఆఖరి శనివారం. పొద్దున్నే గుంటూరులో రైలెక్కి ఇద్దరూ సికింద్రాబాదులో దిగారు. నేను స్టేషన్‌కి వెళ్లి తీసుకొచ్చాను. బరువు తగ్గించే ఆపరేషన్‌కి మనిషిని ఎలా సిద్ధం చేస్తారో దగ్గరుండి చూడాలని ఈసారి రోజంతా సెలవు పెట్టుకున్నాను.

అసలు అన్నయ్య లెక్క వేరు. యార్డుకి ఎండాకాలం సెలవులు ఇస్తారు. ఆ నెల రోజుల్లో ఆపరేషన్ చేయించేసుకుని, యార్డు తెరిచేనాటికి కొట్లో కూర్చోవాలనుకున్నాడు. బోర్డు చూసి ముందు వేరే చోటికి వెళ్లాడు కూడా. అక్కడివాళ్లు "బుధవారం చేరండి, గురువారం చేసేద్దాం" అని ప్యాకేజీ రేటు రాసిచ్చారు. సిగరెట్ తాగుతారా అని ఒక్కరూ అడగలేదు. రాత్రుళ్లు ఊపిరి ఎగబోస్తుందా అనీ అడగలేదు. ఆ రెండూ బాగా తెలిసిన వదినకి భయమేసి నాకు ఫోన్ చేసింది.

ఇక్కడి సర్జన్ మొదటి రోజు తేదీ ఇవ్వలేదు. ఒక కాగితం ఇచ్చాడు. అందులో పన్నెండు గడులు. ఒక్కో గడికి ఒక్కో పని, పక్కన సంతకానికి ఖాళీ జాగా. "ఇవన్నీ నిండిన రోజు ఫోన్ చేయండి, ఆ వారంలోనే చేసేస్తాను" అన్నాడు. అన్నయ్య ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇప్పటికి అది మడతల దగ్గర చిరిగి, టేపు అతికించుకుని ఉంది. పదకొండో గడి దాకా ఇవాళ సంతకాలు పడాలి.

మొదటి గడి ఎత్తూ బరువూ. బరువుని మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. అన్నయ్య ఎత్తు 170 సెంటీమీటర్లు, కాబట్టి మేలో అది 44 దాటింది. మనవాళ్లలో 25 దాటితేనే ఊబకాయం అంటారు. కాస్త బరువుకే పొట్టచుట్టూ కొవ్వు చేరి షుగరు వచ్చే ఒళ్లు మనది.

రెండో గడి షుగరు. అదే అన్నిటికంటే ఎక్కువ రోజులు తిన్నది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో అన్నయ్యకి 9.6 వచ్చింది. అది 8 లోపుకి దిగితేగాని కత్తి పట్టనన్నాడు సర్జన్. షుగరు అదుపులో లేనివాళ్లకి గాయం మానదు, చీము పడుతుంది. పాత నెలల సగటు కాబట్టి మూడు రోజులు ఉపవాసం చేసినా ఆ అంకె దిగదు. మందులు మార్చారు, రాత్రి అన్నం మాన్పించారు, సాయంత్రం యార్డు చుట్టూ నడిపించారు. మొన్న చూస్తే 7.6.

మూడోది నిద్ర. ఒంటికి తీగలు తగిలించి ఒక రాత్రంతా పడుకోబెట్టి చూశారు. గంటకి 42 సార్లు ఊపిరి ఆగడమో, సన్నగిల్లడమో జరుగుతోంది. 30 దాటితేనే తీవ్రం అంటారట. ఇలాంటివాళ్లకి మత్తు మందూ, తర్వాత ఇచ్చే నొప్పి మందులూ ఊపిరిని ఇంకా అణగదొక్కుతాయి. అందుకని గాలి ఊదే సీప్యాప్ మెషీన్ ఇచ్చి, రోజూ రాత్రి మాస్కు పెట్టుకుని పడుకోమన్నారు. "మొదటి వారం ఏనుగు తొండమని పిల్లలు ఒకటే నవ్వు. రెండో వారం గురక ఆగిపోయేసరికి నాకే నిద్ర పట్టలేదు" అంది వదిన.

నాలుగోది సిగరెట్. కనీసం ఆరు వారాలు పూర్తిగా మానాలి. పొగ వల్ల గాయానికి రక్తం సరిగ్గా అందదు, ఊపిరితిత్తులు మత్తుని తట్టుకోలేవు. గ్యాస్ట్రిక్ బైపాస్ అనే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకైతే కుట్ల దగ్గరే పుండు పడుతుంది. మూడో వారంలో ఒక వ్యాపారి దగ్గర అన్నయ్య ఒకటి వెలిగించాడు. ఆ సంగతి తనే వచ్చి చెప్పాడు. సర్జన్ కోప్పడలేదు, కాగితం మీద పాత తేదీ కొట్టేసి కొత్తది వేశాడు. ఆరు వారాలూ మళ్లీ మొదటినుంచి.

అయిదోది ఎండోస్కోపీ. అన్నయ్యకి చేసేది గ్యాస్ట్రిక్ బైపాస్. పొట్ట పై భాగంలో ఓ చిన్న సంచిని వేరుచేసి, పేగుని పైకి లాగి దానికి కుడతారు. మిగతా పొట్ట లోపలే ఉంటుంది గానీ తిండి దారిలో ఉండదు. ఆ తర్వాత మామూలు ఎండోస్కోపీ గొట్టం అక్కడికి చేరదు. అందుకే పుండ్లూ కణుతులూ ఉన్నాయేమో ముందే చూసుకోవాలి. అన్నయ్యకి హెచ్ పైలోరీ అనే క్రిమి కనపడింది. 14 రోజులు మందులు, అవి అయ్యాక నాలుగు వారాలు ఆగి మళ్లీ పరీక్ష. ఒక్క క్రిమికి ఆరు వారాలు.

గుండె పరీక్షలు, పొట్ట స్కానింగు, థైరాయిడ్, ఐరన్, బీ12, డీ విటమిన్ తొందరగానే తెమిలాయి. ఆపరేషన్ తర్వాత ఒంటికి పోషకాలు సరిగ్గా పట్టవు కాబట్టి, ఉన్న లోటు ముందే పూడ్చుకోవాలి. డీ విటమిన్ బాగా తక్కువుందని మాత్రలిచ్చారు. ఎండలో మిరపకాయలు ఆరబోయించే మనిషికి డీ విటమిన్ లేకపోవడమేమిటని నేను ఆశ్చర్యపోతుంటే, "ఎండలో ఉండేది కాయలు, నేను కొట్లో ఉంటా" అన్నాడు.

ఇవన్నీ విడివిడిగా కూడితే ఏడాది అయ్యేట్టుంది గానీ, అన్నీ పక్కపక్కనే నడుస్తాయి. ఆఖరున ఏది తెములుతుందో దాన్నిబట్టే తేదీ.

హాల్లో మా పక్క కుర్చీలో ఖమ్మం దగ్గరి నుంచి వచ్చిన టీచరమ్మ కూర్చుంది. ఇక్కడి కుర్చీలకి చేతులుండవు, బెంచీల్లా వెడల్పుగా ఉంటాయి. ఎవరూ ఇరుక్కుని లేవలేక అవస్థ పడరు. ఆమెకి మూడు నెలల కింద స్లీవ్ చేశారట. అంటే పొట్టలో ముప్పాతిక వంతుకి పైగా కోసి తీసేసి గొట్టంలా మిగిల్చే ఆపరేషన్. "నాకైతే ఐదు వారాలల్లనే అయిపోయిందమ్మా. షుగర్ లేకుండె, పొగ అలవాటు యాడిది?" అంది. 22 కిలోలు తగ్గిందట. జుట్టు ఊడుతోందని బాధ, కొన్నాళ్లకి మళ్లీ వస్తుందని డాక్టర్ చెప్పారని ధైర్యం. ఏడాది, ఏడాదిన్నర దాకా పిల్లల సంగతి తలపెట్టొద్దన్నారట. మాట్లాడుతున్నంతసేపూ చిన్న సీసాలోంచి ఒక్కో గుటక నీళ్లు తాగుతూనే ఉంది.

ఇవాళ లోపలికి వెళ్లినవాళ్లలో మానసిక నిపుణురాలి దగ్గర ఎక్కువసేపు కూర్చున్నది మేమే. "రాత్రి భోజనం అయ్యాక ఏమన్నా తింటారా?" అని ఆమె అడిగింది. "ఏమీ తినను" అన్నాడు అన్నయ్య. వదిన కొంగు సర్దుకుంది. "బజ్జీలు" అంది మెల్లగా. "యార్డు లెక్కలు తేలని రోజున." ఆ గదిలో తేలిందేమిటంటే, అన్నయ్య ఆకలేసి తినేది తక్కువ, బాకీలు గుర్తొచ్చి తినేది ఎక్కువ. పొట్ట చిన్నదవుతుంది గానీ బాకీలు చిన్నవవ్వవు కదా అని ఆమె అడిగినప్పుడు అన్నయ్య జవాబు చెప్పలేదు. మందు అలవాటు గురించీ అడిగింది. బైపాస్ తర్వాత గ్లాసు మందు కూడా త్వరగా నెత్తికెక్కుతుందని హెచ్చరించింది.

ఇక పదకొండో గడి, డైటీషియన్ గది. బల్ల మీద ఒక స్టీలు పళ్లెం, ఒక ఇడ్లీ, ఒక టైమరు. పక్కన దగ్గు మందు సీసా మూత. ఆమె ఆ మూతతో మూడుసార్లు నీళ్లు కొలిచి గిన్నెలో పోసింది. "ఇదండీ, బైపాస్ అయ్యాక మీ కొత్త సంచి. ముప్పై మిల్లీలీటర్లు." అన్నయ్య గిన్నెలోకి తొంగి చూశాడు. గిన్నె అడుగు కూడా నిండలేదు.

ఇడ్లీని చిటికెడు తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఆమె లెక్కపెడుతోంది. ఇరవైసార్లు నమిలాక మింగాడు. వేలు పళ్లెం మీదే పెట్టి కాసేపు ఆగాడు. మళ్లీ చిటికెడు. జూన్‌లో ఇదే ఇడ్లీ నాలుగు నిమిషాల్లో అయిపోయిందట. ఇవాళ పద్దెనిమిది నిమిషాలు పట్టింది. నీళ్ల గ్లాసు వైపు చెయ్యి వెళ్లబోయి ఆగింది. తిన్నాక అరగంట వరకూ నీళ్లు లేవు. ఇకమీదట ముందు పప్పో గుడ్డో చేపో, తర్వాత కూర, జాగా మిగిలితే అన్నం. రోజుకి కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు. బీ12, ఐరన్, కాల్షియం జీవితాంతం. ఆమె పెన్ను తీసి పదకొండో గడిలో సంతకం పెట్టింది.

కింద అంతస్తులో బీమా కౌంటరు. 2019లో బీమా నియంత్రణ సంస్థ పెట్టిన నియమాల ప్రకారం, 18 ఏళ్లు నిండి, బీఎంఐ 40 గాని, తీవ్రమైన జబ్బులతో 35 గాని ఉండి, వేరే మార్గాలు ఫలించకపోతే ఈ ఆపరేషన్‌ని బీమా పరిధిలోకి తేవచ్చు. పాలసీలో నిరీక్షణ గడువు ఉంటే అది వేరే. వైద్య సంఘాలు 2022లో ఈ హద్దులు దించాయి. ఆసియావాళ్ల విషయంలో 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. బీమా మాత్రం 1991లో అమెరికాలో గీసిన 40, 35 గీతల దగ్గరే ఉంది. "వేరే మార్గాలు ఫలించలేదని" రుజువు చూపడానికి వదిన పాత జిమ్ రసీదుల దగ్గర్నుంచి అన్నీ సంచిలో వేసుకొచ్చింది. డాలస్‌లో ఉన్న మా చిన్నాన్న కొడుకుదైతే ఇంకా విడ్డూరం. అక్కడి బీమా కంపెనీ ఆరు నెలలు డాక్టరు పర్యవేక్షణలో డైటింగ్ చేసి చూపించమంది. మొత్తం కలిపి ఎనిమిది నెలలు పట్టింది. ఇలా నెలల తరబడి డైటింగ్ చేయించి ఆపరేషన్ ఆపడానికి ఆధారం లేదని అమెరికా సర్జన్ల సంఘమే అంటోంది. ఒళ్లు సిద్ధం కావడానికి పట్టే కాలం వేరు, కాగితాలు కదలడానికి పట్టే కాలం వేరు.

చివరగా సర్జన్. మిగిలిన పన్నెండో గడి రెండు వారాల పథ్యం. రోజుకి 800 నుంచి 1000 క్యాలరీలు. ప్రొటీన్ పొడి కలిపిన మజ్జిగ, కూరగాయల సూపు, గుడ్డు తెల్లసొన. అన్నం, ఇడ్లీ, పండ్లు ఏవీ లేవు. "బరువు తగ్గాలని కాదు" అంటూ ఎడమ అరచేతిని కుడి పిడికిలి మీద కప్పాడు. పిడికిలి పొట్ట, అరచెయ్యి లివరు. కొవ్వు పట్టిన లివరు ఉబ్బి పొట్టని కమ్మేస్తుంది. దాన్ని పైకెత్తితేగాని కెమెరాకి దారి దొరకదు, ఎత్తితే చిరిగి రక్తం వస్తుంది. రెండు వారాలు పిండిపదార్థాలు మానితే అది కుదించుకుపోతుంది. ఆ పథ్యంలో షుగరు పడిపోకుండా మాత్రల డోసులు అక్కడే తిరగరాశాడు. బరువు తగ్గే వారపు ఇంజెక్షన్లు ఏమన్నా వాడుతున్నారా అనీ అడిగాడు. 2025లో మౌంజారో, వెగోవీ మన మార్కెట్‌కి వచ్చాక ఈ ప్రశ్న తప్పనిసరి అయిందట. వాటివల్ల తిండి పొట్టలో ఎక్కువసేపు నిలిచి, మత్తులో ఊపిరితిత్తుల్లోకి వచ్చే ప్రమాదం ఉంది.

బయటికొచ్చాక అడిగాను. "సెలవుల్లోనే అయిపోవాల్సింది, పదమూడు వారాలయింది, ఇంకో రెండున్నాయి. విసుగు రాలేదా అన్నయ్యా?"

"కాయ ఎండకుండా టిక్కీ కడతామా అమ్మాయ్?" అన్నాడు. "తడి కాయకి తూకం బాగానే ఉంటుంది. నెల తిరిగేసరికి లోపల బూజు."

టీచరమ్మకి ఐదు వారాలు, అన్నయ్యకి పదిహేను, డాలస్ తమ్ముడికి ఎనిమిది నెలలు. ఆపరేషన్ మాత్రం ఎవరికైనా గంటల్లో పనే. మీ ఇంట్లో ఎవరన్నా ఈ దారిలో ఉంటే, "ఎప్పుడు చేస్తారు?" అని అడిగేముందు "చేసేలోపు ఏమేం చూస్తారు?" అని అడగండి. షుగరు, నిద్ర, సిగరెట్ సంగతి అడగకుండా తేదీ ఇచ్చే చోటు నుంచి లేచి వచ్చేయండి.

సెప్టెంబరు రెండో శనివారం అన్నయ్య ఆపరేషన్. పన్నెండో గడిలో సంతకం చేయాల్సింది డాక్టరు కాదు, ఇంట్లో వంట చేసే మనిషి. ఆ కాగితం ఇప్పుడు వదిన పర్సులో ఉంది.