తడబడే అడుగు

పసివాడు తొలి అడుగు వేసిననాడు అరిసెలు వండి పంచే ఆచారం తెలుగునాట ఉన్నది. డెబ్బది యేండ్ల పిదప అదే అడుగు తడబడితే మాత్రం, "మీరు కూర్చోండి, అన్నీ మేము చూసుకుంటాము" అంటాము. గౌరవంతో అనే మాటే. అయితే ఆ గౌరవమే పెద్దలను మంచానికి కట్టివేస్తున్నదేమో విద్యార్థి మిత్రులు ఆలోచించాలి.

గత సంవత్సరం మా అమ్మీ స్నానాల గది గడప దాటుతూ పడిపోయారు. ఎముక విరుగలేదు గాని ధైర్యం పోయింది. ఆనాటి నుండి గోడ పట్టుకొనిగాని లేచేవారు కారు. భయం వలన కదలిక తగ్గింది, కదలిక తగ్గినందున కాళ్ల కండ కరిగింది, కండ కరిగినకొద్దీ మళ్లీ పడతానన్న భయం పెరిగింది.

నిటారుగా నిలబడడం చూపులకు తేలిక. చెవి లోపలి అర్ధవృత్తాకార నాళికలు, కన్నులు, అరికాళ్లు, కీళ్లు పంపే వార్తలను మెదడు క్షణక్షణం సమన్వయపరిస్తేనే అది సాధ్యం. వయసుతో చూపు మందగిస్తుంది. మధుమేహం ముదిరితే అరికాలి స్పర్శ మొద్దుబారుతుంది. రాత్రివేళ చీకటిలో లేచినవారికి కన్నుల సాయం కూడా ఉండదు.

రోజూ నడిస్తే చాలునని పలువురి నమ్మకం. 2019లో కాక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్షలో 108 పరిశోధనలు, 23 వేలకు పైబడిన వృద్ధులు లెక్కకు వచ్చారు. వ్యాయామం వలన పడిపోవడం సుమారు 23 శాతం తగ్గింది. ఆ మేలు సమతుల్యతను సాధన చేయించే వ్యాయామాలలో స్పష్టంగా కనిపించింది. వట్టి నడక విషయం మాత్రం తేలలేదు. నడక గుండెకు మంచిదే, మానవలసిన పని లేదు. 65 యేండ్లు దాటినవారు వారానికి కనీసం 3 రోజులు సమతుల్యతకూ కండబలానికీ సాధన చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది.

అమ్మీకి ఫిజియోథెరపిస్టు నేర్పినవీ ఒక తరహా నడకలే. గోడ పక్కన, ఒక పాదపు మడమ రెండవ పాదపు వేళ్లకు తగిలేటట్లు ఒకే గీతపై పది అడుగులు. ఆపైన పక్కకు అడుగులు. నడుస్తూ తల కుడి ఎడమలకు తిప్పడం. వంటింటి గట్టు పట్టుకొని ఒంటికాలిపై నిలవడం, చేతుల ఆసరా లేక కుర్చీలో నుండి లేవడం. పక్కన ఒకరుండాలి, తల తిరిగేవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. అరవై యేండ్లు నమాజులో నేలకు నుదురు ఆన్చి లేచిన దేహం, కట్టెల పొయ్యి ముందు గొంతు కూర్చున్న దేహం! మోకాళ్లు నొచ్చి కుర్చీలో నమాజు చేయడం ధర్మసమ్మతమే. కాళ్లకు మాత్రం ఆ సాధన తప్పింది. రెండు నెలలకు అమ్మీ గోడ వదిలారు. ఇప్పుడు పొరుగింటికి ఒంటరిగా వెళ్లి, చాయ్ తాగి, ఆలస్యంగా వస్తున్నారు.

ఇక పాశమైలారంలో పెద్దలు నడిచే చోటు ఏది? ఇస్నాపూర్ చౌరస్తా నుండి పారిశ్రామికవాడకు వచ్చే దారి లారీలది, షిఫ్టు బస్సులది. మన కళాశాల మైదానం తరగతులు మొదలయ్యే దాకా ఖాళీగానే ఉంటుంది. కమిటీ పెద్దలు ఉదయం 6 గంటలకే గేటు తీయించి, గోడ వెంట సున్నంతో ఒక గీత గీయించవలెనని నా మనవి. పక్కన నిలబడడానికి ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు ఉన్నారు. మీ దాదీని, నాయనమ్మను మొదటిరోజే వెంటబెట్టుకొని రండి; అమ్మీ ముందే వచ్చి ఉంటారు.