పోయొస్తా!

ఇంగ్లీషు నేర్చుకునే తెలుగు పిల్లల్ని ఏడిపించిన క్రియల్లో 'గో' పేరు ముందు చెప్పుకోవాలి. గో, వెంట్, గాన్. గోకీ వెంట్‌కీ ఎక్కడైనా పోలిక ఉందా? ఉండదు. 'వెంట్' అసలు ఆ ఇంటి పిల్ల కాదు. 'వెండ్' అనే పాత క్రియకు భూతకాల రూపం. దాన్ని తెచ్చి 'గో' పక్కన కూచోబెట్టారు.

భవిష్యత్తుకొచ్చేసరికి ఈ పేచీ చాలావరకు తీరిపోతుంది. ముందు 'విల్' పెడితే చాలు, విల్ గో. ఆ వేళకి వెళ్తూ ఉంటారనాలంటే విల్ బి గోయింగ్. అప్పటికే వెళ్లిపోయి ఉంటారంటే విల్ హావ్ గాన్. అప్పటికి ఇన్నేళ్లుగా వెళ్తూ ఉన్నట్టవుతుంది అంటే విల్ హావ్ బీన్ గోయింగ్. నాలుగింటిలోనూ 'వెంట్' జాడ లేదు. 'విల్ వెంట్' అని రాసినవాడికి సున్నా ఖాయం!

తెలుగులో ఇన్ని గదుల్లేవు. 'వెళ్తాడు' అంటే రోజూ వెళ్తాడనీ, రేపు వెళ్తాడనీ కూడా. గ్రాంథికంలో 'పోయెదను' అని వేరే రూపం ఉండేది. వాడుకలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో, సముద్రం ఒడ్డున ఉంది జువ్వలదిన్నె. మత్స్యకారుల ఊరు. ఈ పాఠానికి అక్కడ ఉదాహరణలు వెతుక్కోనక్కర్లేదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు, మోటారు పడవలకు వేట నిషేధం. జూన్ 15న పడవలు వెళ్తాయి, విల్ గో. పిల్లలు బడికెళ్లే వేళకి వెళ్లిపోయి ఉంటాయి, విల్ హావ్ గాన్.

చిక్కల్లా ఆ 'గాన్' దగ్గరే. తెలుగులో 'పోయాడు' అంటే ఇంకో అర్థం ఉంది కదా. చీకటి పడ్డా పడవ రాకపోతే, ఒడ్డున ఎదురుచూస్తున్న ఇల్లాలి ముందు 'పోయి ఉంటాడు' అనే మాట ఎవరి నోటా రాదు. రాకూడదు. 'ఎక్కడో ఒకచోట ఒడ్డుకు చేరే ఉంటాడులేమ్మా' అంటారు. వ్యాకరణం అదే. క్రియ ఒక్కటే మారింది. ఇంగ్లీషులోనూ అంతే, విల్ హావ్ రీచ్‌డ్ అంటే జరగబోయేదీ కావచ్చు, జరిగిందనే ఊహా కావచ్చు. ఆ రాత్రికి ఆ ఊహే ఆసరా.

బయల్దేరే మనిషి కూడా 'పోతా' అని ఊరుకోడు. 'పోయొస్తా' అంటాడు. వెళ్లడంలోనే రావడాన్ని కలిపేస్తాడు. దాన్ని పిల్లలు 'ఐ విల్ గో అండ్ కమ్' అని రాస్తే మాస్టారు కొట్టేసి, 'ఐ విల్ బి బ్యాక్' అని దిద్దుతారు. ఆయన దిద్దింది సరైనదే. కాకపోతే అందులో రావడం మిగిలింది గానీ, వెళ్లడం కనపడకుండా పోయింది.

నెల్లూరు దాటి దక్షిణానికి వెళ్తే తమిళులు కూడా 'పోయిట్టు వరేన్' అనే అంటారు. అక్కడి పిల్లల నోట్సుల్లోనూ ఈ వాక్యం మీద ఎర్రసిరా పడే ఉంటుంది.