కోళ్ళదొంగ ఎవరు?

కాకినాడ నుంచి యానాం పోయే రోడ్డున కొంతదూరం వెళితే చొల్లంగి వస్తుంది. పుష్యమాసపు అమావాస్యనాడు అక్కడ సముద్రస్నానానికి జనం తండోపతండాలుగా వస్తారు. ఆ అమావాస్యకు చొల్లంగి అమావాస్య అనే పేరు. అది దాటితే కోరంగి. ఒకప్పుడు అక్కడ ఓడలు కట్టేవారు. 1839లో వచ్చిన పెద్ద తుఫాను ఆ రేవును పాడుచేసింది. ఇప్పుడు ఆ ప్రాంతాన 235 చదరపు కిలోమీటర్ల మేర మడ అడవుల అభయారణ్యం ఉన్నది. దాన్ని 1978లో ఏర్పాటు చేశారు.

పిల్లలూ, మడ అడవి మన కొండల మీది అడవిలాటిది కాదు. గోదావరి నీరూ సముద్రపు ఉప్పునీరూ కలిసేచోట, బురదలో పెరుగుతుంది. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి చెట్ల మొదళ్ళను ముంచుతుంది. బురదలో గాలి ఆడదు గనక నల్లమడ చెట్టు వేళ్ళు పెన్సిళ్ళు గుచ్చినట్టుగా పైకి పొడుచుకువచ్చి గాలి పీల్చుకుంటాయి. పోటు తీసిన తరవాత ఆ బురద మీద నడిచిన ప్రతి జంతువూ తన సంతకం చేసి మరీ పోతుంది. చదవటం మాత్రం మనకు రావాలి.

ఈ అడవిలో బావురుపిల్లి అనే విచిత్రమైన జంతువున్నది. ఇంటిపిల్లికి రెండింతలుంటుంది. బూడిదరంగు ఒళ్ళు, నల్లని మచ్చలు, పొట్టి తోక. పిల్లికి నీళ్ళంటే గిట్టదంటాం గదా. ఇది నీళ్ళలోకి దూకి చేపలు పడుతుంది. కాలివేళ్ళ మధ్య, బాతుకున్నంత కాకపోయినా, కొంతమేర చర్మం ఉంటుంది. దీని ముఖ్యమైన ఆహారం చేపలు, పీతలు. దొరికితే ఎలకనూ, పక్షినీ వదలదు. అందుచేత చుట్టుపక్కల పల్లెల్లో ఎవరి కోడి పోయినా మొట్టమొదట దీని పేరే చెపుతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి పులితో సమానంగా రక్షణ కల్పించింది. కాని, చట్టం ఢిల్లీలో ఉంటుంది, కోడి పెరట్లో ఉంటుంది.

అడవి అంచున ఒక పల్లెలో నా పాత శిష్యుడొకడు ఉపాధ్యాయుడుగా ఉన్నాడు. నేను అతన్ని చూడబోయిన రోజున పక్కింటి మామ్మగారి పెరడంతా గోలగా ఉన్నది. రెండు రాత్రుల్లో రెండు పెట్టలు పోయాయి. ఒకటి గూట్లోనే మెడ కొరికి, రొమ్ము తిని పారేసి ఉన్నది. రెండోది అయిపే లేదు. పైగా పగటిపూట గుడ్లు మాయమవుతున్నాయి. ఇద్దరు కుర్రాళ్ళు మోటారు సైకిలు క్లచ్చి తీగతో ఉచ్చు పన్ని, చెరువుగట్టున బిగించటానికి సిద్ధంగా ఉన్నారు.

"బావురుపిల్లేనండీ మాస్టారూ! ఇంకెవరొస్తారు?" అన్నది మామ్మగారు.

"మీరు చూశారా, మామ్మగారూ?"

"చూడటమెందుకండీ? అడవి పక్కనే ఉంది గదా!"

ఉచ్చు ఒక్కరాత్రి ఆపమని మా శిష్యుడు కుర్రాళ్ళను బతిమాలాడు. మేం ముందు గూటి దగ్గిరికి వెళ్ళాం. దొంగ ఎవరో తెలియాలంటే అడవికేసి చూస్తే లాభంలేదు.

కుక్కలు పడ్డ గూడు ఎట్లా ఉంటుందో మీలో కొందరు చూసే ఉంటారు. వల చీరేస్తాయి, నాలుగైదు కోళ్ళను చంపి చిందరవందరగా పడేస్తాయి, చాలాసార్లు తినవు. నక్క అట్లా కాదు, కోడిని నోట కరుచుకుని పోతుంది. దారి పొడుగునా ఈకలు రాలి ఉంటాయి. గద్దా, డేగా పగలే వస్తాయి. డేగ ఈకలను మొదలంటా పీకుతుంది. నాలుగుకాళ్ళ జంతువు పళ్ళతో కొరుకుతుంది గనక ఈకల కాడలు తెగి ఉంటాయి. పందికొక్కు అయితే గూటికింద బొరియ తవ్వి కోడిపిల్లలను లోపలికి లాక్కుపోతుంది. ఇక్కడ బొరియలేదు, వల చిరగలేదు. కింద పడివున్న ఈకల కాడలు తెగి ఉన్నాయి. తాటాకు కప్పు మాత్రం ఒక మూల పక్కకు తొలిగింది. దాని పైనే ఒక కొబ్బరిచెట్టు వాలి ఉన్నది.

ఆ సాయంత్రం కోళ్ళన్నిటినీ ఇంట్లో గంపల కింద మూశారు. ఖాళీ గూటి చుట్టూ మామ్మగారి ముగ్గుపిండి పల్చగా జల్లాం. "ఇదేం పూజండీ!" అని ఆమె నవ్వింది. అయిదో తరగతి చదివే ఆమె మనవడికి ఆ రాత్రి నిద్రపట్టినట్టు లేదు; తెల్లవారకముందే వచ్చి నన్ను లేపాడు.

చెరువు వైపున్న పిండి చెక్కుచెదరలేదు. కొబ్బరిచెట్టు కిందనే అడుగులున్నాయి.

"వేళ్ళు లెక్కపెట్టు," అన్నాను.

"అయిదండీ తాతగారూ."

ఆ మాటతో సగం పని అయిపోయింది. కుక్క, నక్క, పిల్లి, బావురుపిల్లి, వీటి అడుగుల్లో నాలుగు వేళ్ళే పడతాయి. అయిదు వేళ్ళు పడేవి మన పెరళ్ళకు వచ్చేవాటిలో ముంగిస, పునుగుపిల్లి, మానుపిల్లి. ముంగిస పగలు తిరిగి రాత్రి పడుకుంటుంది. గూటి కప్పు మీద దొరికిన పెంటలో ఈతగింజలున్నాయి. మానుపిల్లి చెట్లెక్కి పళ్ళు తింటుంది, గింజలు అరగవు. కుర్రవాడు ఇదంతా తనే కూడబలుక్కుని, "మానుపిల్లి!" అని కేకపెట్టాడు. పొరుగువాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు.

గుడ్ల సంగతి మధ్యాన్నం తేలింది. గుడ్లు పెట్టే బుట్ట దగ్గిర పెంకు ముక్క కూడా లేదు. అంటే మింగినదన్నమాట. పామై ఉంటుందని అందరూ భయపడ్డారు. కాని పిండి మీద వంకరగా పోయిన గీతకు అటూఇటూ గోళ్ళున్న అడుగులున్నాయి. పాముకు అడుగులెక్కడివి? తోక ఈడ్చుకుంటూ పోయినది ఉడుము.

కప్పు కొత్త తాటాకుతో నేసి, దానికింద సన్నకళ్ళ ఇనపవల బిగించారు. ఎలకలు ఎక్కకుండా కొబ్బరిచెట్లకు కడతారే, అట్లాటి రేకుపట్టీ ఒకటి చెట్టు మొదలుకు చుట్టి, గూటిమీదికి వాలే మట్టలు నరికారు. రేకు బిగించటానికి తీగ కావలసివస్తే కుర్రాళ్ళు ఉచ్చు విప్పి ఆ తీగే ఇచ్చారు. గుడ్లు ఎప్పటికప్పుడు తీసి లోపల పెట్టే పని మనవడికి అప్పగించారు.

సాయంత్రం వాణ్ణి వెంటబెట్టుకుని చెరువుగట్టుకు వెళ్ళాను. బురదలో గుండ్రని అడుగులు, నాలుగేసి వేళ్ళు, వేళ్ళ ముందు సన్నగా గోళ్ళ మొనలు. ఇంటిపిల్లి గోళ్ళు పూర్తిగా లోపలికి ముడుచుకుంటుంది. బావురుపిల్లి గోళ్ళు పూర్తిగా ముడుచుకోవు. పక్కనే చేపపొలుసులూ, ఒక పీతడెక్కా పడి ఉన్నాయి. కుర్రవాడు ఇంటికి పరిగెత్తి, "మామ్మా, పాపం, బావురుపిల్లి మన కోళ్ళజోలికే రాలేదు. చేపలు తిని పోయింది!" అని చెప్పాడు.

"పాపమేమిట్రా?" అన్నది మామ్మగారు. "ఆ చెరువు ఎవరిదనుకున్నావు? మీ నాన్నది!"