అటాగో కొండ – జపాను స్వరనటులు

జపాను రాజధానియగు టోకియో నగరమున అటాగో యను చిన్న కొండ యొకటి గలదు. దాని యెత్తు 26 మీటర్లకు మించదు. పైనున్న దేవాలయమునకు 86 రాతిమెట్లు నిటారుగా బోవుచున్నవి. పూర్వమొక యాశ్వికుడు గుఱ్ఱము దిగకయే యీ మెట్లెక్కి, పూలకొమ్మను దెచ్చి ప్రభువు మెప్పు వడసెనట. అందుచే వీనిని అభ్యుదయసోపానములందురు. మేము నడుమ రెండుమాఱులు నిలిచి, యూపిరి తీసికొని పైకి జేరితిమి.

ఆలయమునకు చేరువనే రేడియో, టెలివిజనుల ప్రదర్శనశాల గలదు. 1925వ సంవత్సరమున టోకియో రేడియో కేంద్రము నెలకొన్న కొండ యిదియే. అచ్చటి పాత మైక్రోఫోనులను, రేడియోపెట్టెలను జూచుచు మేము చాలసేపు గడపితిమి. ఆ యేడు ఆగస్టులో, బొగ్గుగనిలో జిక్కుకొనిన వారిగూర్చిన యాంగ్లనాటకము నొకదానిని జపాను భాషలో వినిపించిరి. దీపము లార్పి వినుడని శ్రోతలను గోరిరట. వేషము లేదు, రంగస్థలము లేదు. చీకటిలో స్వరమొక్కటియే నాటకమాయెను.

ఇట్లు కంఠముతోడనే నటించువారిని జపానువారు ‘సెయ్యూ’ లందురు, స్వరనటులని యర్థము. 1953లో టెలివిజను వచ్చిన పిమ్మట వీరు విదేశచిత్రములకును, తరువాత బొమ్మలచిత్రములకును గొంతునీయసాగిరి. 1963లో నారంభమైన యంత్రబాలుని కథలో నా బాలుని స్వరము షిమిజు మారి యను స్త్రీది. మగపిల్లల గొంతు కొన్నియేండ్లకు మాఱిపోవును. కథయో, యేండ్లతరబడి సాగును. కావున బాలురపాత్రలు పెక్కు స్త్రీల వశమయ్యెను. నొజావా మసాకో 1986 నుండి గోకు అను వీరునికి స్వరమిచ్చుచు, అతని కొడుకు లిద్దఱికిని తానే పలికినది.

ఈ పని చూచినంత సులభము కాదు. తెరమీది బొమ్మ పెదవి కదలినంతసేపే పలుకవలెను. గదిలో మైక్రోఫోనులు మూడో నాలుగో యుండును, నటులు పదిమంది. ఒకరు తప్పుకొనగా వేఱొకరు చప్పుడు లేక ముందునకు రావలెను. కాగితము త్రిప్పిన సవ్వడియు, బట్టల గరగరయు వినబడరాదు. గాజులు గలగలలాడించు మనబోంట్లకు అచ్చట చోటు లేదు!

నేడు వీరి కీర్తి మిక్కుటము. మిజుకి నానా యను స్వరనటి 2011లో టోకియోలోని మహాక్రీడామందిరమున రెండుదినములు పాడినది. కాని కీర్తియు కూడును ఒక్కటి గావు. 1973లో వీరు తగిన వేతనమునకై వీథులలో నూరేగవలసివచ్చెను. శిక్షణాలయములలో జేరు యువతీయువకులు వేలు; ఆ వృత్తితోనే పొట్ట పోసికొనగలవారు కొందఱే.

ఈ కష్టము నెఱిగియు నింతమంది యేల వత్తురో, ఓయామా నొబుయో చరిత్రము కొంత తెలుపును. బాల్యమున నామె బొంగురుగొంతును దోడిపిల్లలు పరిహసించిరి. ఆమె నోరు మెదపుటయే మానగా తల్లి, దాచినకొలది లోపము పెరుగును గాన ఆ గొంతునే వాడుమని చెప్పి, బడిలోని ప్రసారసంఘమున జేరుమనెను. ఆ కంఠమే 1979 నుండి 2005 వఱకు ‘డోరయెమోన్’ అను పిల్లిబొమ్మకు బ్రాణమై, జపాను బిడ్డలందఱికిని బరిచితమాయెను. ఆమె తప్పుకొనిన పిమ్మట వేఱొక స్త్రీ యా పాత్రను గైకొనెను. 2024లో నామె దివంగతురాలయ్యెను.

మన యిండ్లలోను గొంతు బాగులేదని పాటకు, పద్యమునకు దూరముగా నుంచబడు బాలికలు గలరు. ఆ జపాను తల్లి మాట మన తల్లులు వినదగినది.