అంచు మీదికి వెళ్ళకముందే

అలిపిరి మెట్లన్నీ ఆగకుండా ఎక్కాను, నాకేం భయమంటారా? డెన్వర్‌కు పడమట ఉన్న గ్రేస్, టోరీస్ జంట శిఖరాల ముందు తిరుమల ఎత్తు పావువంతు కూడా ఉండదు. రెండూ 14,200 అడుగులు దాటినవే. 1861లో పారీ అనే వృక్షశాస్త్రజ్ఞుడు తన తోటి శాస్త్రజ్ఞుల పేర్లు వీటికి పెట్టాడు.

అమెరికాలో అబ్బాయి ఇంటికి చేరిన మర్నాడే బయలుదేరకండి. కారు దిగే చోటే 11,000 అడుగుల పైన ఉంది. శిఖరం మీద గాలి పీడనం సముద్రతీరంలో ఉండేదానిలో సుమారు 60 శాతమే. తలనొప్పి, వికారం మొదలైతే ఎండదెబ్బ అనుకుని, మాత్ర మింగి పైకెక్కడం ప్రమాదం సుమా!

మామూలు కాలిబాట ఉంది. కుర్రకారు మాత్రం కెల్సో గట్టు మీదుగా టోరీస్ ఎక్కుతారు. చేతులతో రాళ్ళు పట్టుకుని పాకాలి. శిఖరానికి కాస్త దిగువన గట్టు కత్తి అంచులా సన్నబడుతుంది, రెండు పక్కలా లోయ. కొందరు గుర్రమెక్కినట్టు కూర్చుని జరుగుతారు. అందులో సిగ్గేమీ లేదు. కాని అక్కడ తల తిరిగితే?

అందుకే గట్టు ఎక్కకముందే చదునైన చోట, మడమకు బొటనవేలు తాకిస్తూ తిన్నగా పదడుగులు వేసి చూసుకోండి. తూలితే వెంటనే, తోడుతో, దిగిపోవాలి. దిగడమే అసలైన మందు. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవారు ముందే వైద్యుణ్ణి అడగాలి.

వేసవి మధ్యాహ్నాల్లో అక్కడ పిడుగుల భయం. చీకటితోనే బయలుదేరండి. టోరీస్ ఎక్కాక తలనొప్పి మొదలైతే, రెండు శిఖరాల నడిమి పల్లం నుంచే కిందికి బాట ఉంది. గ్రేస్‌కు దూరం నుంచే ఓ దండం పెట్టి ఆ దారిన దిగండి.