సెలవు రోజు బస్సుకూ సెలవే

మా గూడేనికి బస్సు రోజుకు రెండుసార్లు వస్తుంది. పొద్దున బడి పిల్లల్ని తీసుకుపోతుంది, సాయంత్రం తెచ్చి దించుతుంది. మేము దాన్ని బడి బస్సు అనే పిలుస్తాం. బడి లేని రోజు ఆ బస్సు రాదు. ఆదివారం రాదు, పండుగకు రాదు, జనవరి 26న రాదు. మాకేమో ఫుట్‌బాల్ ఆటలన్నీ ఆ రోజుల్లోనే. పిల్లలకు బడి, పెద్దలకు చేను పని లేని రోజునే కదా ఎవరైనా ఆట పెట్టేది! అందుకే మా దగ్గర ఒక మాట పుట్టింది: ఆట ఉన్న రోజు బస్సు లేదు, బస్సు ఉన్న రోజు ఆట లేదు.

ఈ సంగతి మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ దాని గురించి కూర్చొని ఆలోచించింది మాత్రం 2025 జనవరి 1న, నడిచి నడిచి కాళ్లు వాచిన తర్వాత.

అంతకు ముందు రోజు, అంటే 2024 డిసెంబర్ 31న, హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. రాష్ట్రాల జట్లు ఆడే ఈ పోటీలో అది 78వది. బెంగాల్‌కు, కేరళకు ఆట. ఉట్నూరు ఏజెన్సీ నుంచి మేము ఏడుగురం పోయాం. మేము పోయింది ముఖ్యంగా ఒక్కరి కోసం. ఆయన బెంగాల్ ఆటగాడు రబీ హాన్స్‌దా. సంతాల్ ఆదివాసీ. మనలాంటి ఊరి నుంచి వచ్చినవాడు. తొంభై నిమిషాలు గడిచినా ఎవరూ గోల్ కొట్టలేదు. అదనపు నిమిషాల్లో ఆయన కొట్టిన ఒక్క గోల్‌తో బెంగాల్ 1-0తో గెలిచింది. ఆ పోటీలో ఆయనకది 12వ గోల్, బెంగాల్‌కు 33వ ట్రోఫీ. మేము ఎంత అరిచామంటే మర్నాడు గొంతులు పెగల్లేదు.

అరుపులు అయ్యాక ఇంటికి పోవాలి కదా. స్టేడియం దగ్గర మెట్రో లేదు. రాయదుర్గం స్టేషన్ సుమారు ఐదు కిలోమీటర్లు. కొత్త సంవత్సరం రాత్రి ఆటోవాళ్లు చెప్పిన ధరకు మా ఏడుగురి జేబులు కలిపినా చాలలేదు. నడిచాం. పండుగ రాత్రి కాబట్టి మెట్రోను అర్ధరాత్రి దాటేదాకా నడిపారు, అది మా అదృష్టం. పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌లో దిగి, పక్కనే ఉన్న జూబ్లీ బస్టాండ్‌లో కునుకు తీసి, తెల్లవారుజామున బస్సు ఎక్కాం. పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి మండల కేంద్రంలో దిగాం. అక్కడి నుంచి మా గూడెం 14 కిలోమీటర్లు. ఆ రోజు సెలవు. బడి బస్సు లేదు. మూడు వందల కిలోమీటర్లు బస్సు తెచ్చింది, చివరి పద్నాలుగు కిలోమీటర్లు మా కాళ్లు తెచ్చాయి.

మేము మగపిల్లలం కాబట్టి నడిచాం, దాన్ని కథగా చెప్పుకొని నవ్వుకున్నాం. ఆ నవ్వు రెండు వారాలే నిలిచింది.

ఆ సంక్రాంతి సెలవుల్లో పక్క మండలంలో పోటీ పెట్టారు. మొదటిసారి ఆడపిల్లల జట్లను కూడా పిలిచారు. మా ఆడపిల్లలు నెల రోజులు సాధన చేశారు. గోల్ దగ్గర నిలబడే చెల్లె పత్తి ఏరిన కూలి డబ్బుతో చేతి గ్లవ్స్ కొనుక్కుంది. ఆట రోజు బస్సు లేదు. ఒక ట్రాలీ ఆటో దొరికింది. పదహారు మందిని అందులో నిలబెట్టి, ఘాట్ దారిలో 22 కిలోమీటర్లు, తిరుగు ప్రయాణం చీకట్లో. తల్లిదండ్రులు వద్దన్నారు. వాళ్లది తప్పు అనలేం. అట్లాంటి బండ్లు బోల్తా పడిన సంగతులు మన ఏజెన్సీలో ప్రతి ఊరికీ తెలుసు. మా జట్టు రాలేదని అవతలి జట్టును గెలిచినట్టు ప్రకటించారు.

ఆ సాయంత్రం ఆ చెల్లె మమ్మల్ని ఒక మాట అడిగింది. "దాదా, బడికి పోయే రోజు నాకు బస్సు ఫ్రీ. ఆటకు పోయే రోజు బస్సే లేదు. ఇంక నాకు ఫ్రీ ఏంది?"

మన తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. మా ఆడపిల్లలు మండల కేంద్రంలోని గ్రౌండ్‌కు వచ్చి ఆట నేర్చుకున్నది ఆ బస్సు వల్లనే. కానీ బస్సు వస్తేనే కదా అది ఉచితమయ్యేది. ఆమె మాటకు మా దగ్గర జవాబు లేదు.

ఇది మన ఒక్కరి బాధ కాదని తర్వాత మా పీఈటీ సారు చెప్పారు. ఇంగ్లండ్‌లో క్రిస్మస్ మర్నాడు, డిసెంబర్ 26న, ఫుట్‌బాల్ ఆడటం ఎన్నో ఏళ్ల ఆచారమట. ఆ దేశంలో 25న రైళ్లు నడవవు, 26న కూడా చాలా దారుల్లో నడవవు. అభిమానులు కలిసి బస్సులు మాట్లాడుకొని పోతారు. ఫుట్‌బాల్ పుట్టిన దేశంలోనే ఇట్లా ఉంటే మన గూడెం సంగతి ఎవరికి పడుతుంది అనుకున్నాం మొదట. తర్వాత ఇంకోలా ఆలోచించాం. నాగోబా జాతరకు కెస్లాపూర్‌కు ప్రత్యేక బస్సులు వస్తాయి. మేడారానికి వందల కొద్దీ వస్తాయి. జనం వస్తారని ముందే తెలుసు కాబట్టి వస్తాయి. మన ఆటకు జనం ఉన్నారని మనం ఎవరికైనా చెప్పామా?

చెప్పలేదు. అందుకని జులైలో డిపోకు పోయాం. ఆగస్టు 15న మండల కేంద్రంలో ఆట ఉందని, ఎన్ని గూడేల నుంచి ఎంతమంది వస్తారని రాసి, ప్రధానోపాధ్యాయుడి సంతకం, పటేల్ సంతకం పెట్టించి ఇచ్చాం. అక్కడి సారు కోప్పడలేదు, కూర్చోబెట్టి లెక్క చెప్పారు. ఏ దారిలో సీట్లు ఎంత నిండుతాయో చూసి ట్రిప్పులు వేస్తారు. సెలవు నాడు మా దారిలో ఎక్కేవాళ్లు లేరని కాగితం మీద ఉంది. ఎందుకు లేరు? బస్సు లేదు కాబట్టి ఎక్కలేదు, ఎక్కలేదు కాబట్టి బస్సు లేదు. ఈ ముడి అక్కడ అర్థమైంది.

ఆ రోజు రెండు ట్రిప్పులూ ఆపకుండా నడుపుతామన్నారు. మేము కూడా ఒక పని చేశాం. ఎప్పుడూ మూడు గంటలకు మొదలయ్యే ఆటను, జెండా ఎగరేసిన తర్వాత పదకొండింటికే మొదలుపెట్టాం, సాయంత్రం బస్సుకు అందేటట్టు. పొద్దున మా గూడెం నుంచి 43 మంది ఎక్కారు. మా ఆడపిల్లలు 2-0తో ఓడిపోయారు. గోల్ దగ్గరి చెల్లె ఏడ్చింది. అయినా చీకటి పడకముందే అందరూ ఇంట్లో ఉన్నారు. ఓడిపోయి ఏడవడానికి కూడా ముందు గ్రౌండ్ దాకా చేరాలి.

దసరాకు మళ్లీ అడిగితే కుదరలేదు. పండుగ రద్దీకి బస్సులన్నీ పెద్ద దారులకు పోయాయి. అప్పుడు మా పెద్దమ్మ ఒకామె అంది, "దండారికి బస్సు మీద పోయారా మీ తాతలు?" నిజమే. దండారి జట్టు ఊరి నుంచి ఊరికి పోతుంది. ఆతిథ్యమిచ్చే ఊరు విడిది ఇస్తుంది, అన్నం పెడుతుంది, మర్నాడు సాగనంపుతుంది. మేము కూడా బస్సు ఉన్న రోజే, అంటే ఆటకు రెండు రోజుల ముందే, పోయాం. ఆడపిల్లలు చుట్టాల ఇళ్లల్లో ఉన్నారు. తోడుగా ఇద్దరు తల్లులు వచ్చారు. ఈసారి ఒక ఆట గెలిచాం.

కానీ విడిది ఎప్పుడూ బస్సుకు బదులు కాదు. చుట్టాలు లేని ఊళ్లో ఆట ఉంటే ఏం చేస్తాం? కాబట్టి అడగడం మానకూడదు.

పంతుళ్లకు మా మనవి ఒకటే. ఆట తేదీ పెట్టే రోజునే బస్సు వేళ కూడా చూడండి, నెల ముందే డిపోకు కాగితం రాయించండి. ఆ కాగితం పిల్లలతోనే రాయిస్తే ఇంకా మంచిది. తమ్ముళ్లకు చెప్పేది, ట్రాలీ ఆటోలో వేలాడి పోవడం మగతనం కాదు. చెల్లెళ్లకు చెప్పేది, బస్సు ఎక్కితే జీరో టికెట్ తప్పకుండా తీసుకోండి. డబ్బు లేని టికెట్టే కదా అని వదిలేయొద్దు. రేపు మన దారిలో ఎంతమంది ఎక్కారని లెక్క చూసేటప్పుడు, మనం అక్కడ ఉన్నామని చెప్పేది ఆ చిన్న కాగితమే.