గ్రామసభయు మా వ్రాలును

నిరుడొక సాయంకాలము నేను వంటయింట నుండగా పంచాయతి బంట్రోతు పుస్తకమొకటి తెచ్చి, "ఇక్కడొక సంతకం పెట్టండమ్మగారూ" అనెను. చూతును గదా, అది యా యుదయమున జరిగిన గ్రామసభ హాజరుపట్టిక! నేను పోని సభకు నా వ్రాలు! అప్పటికే మా వీధి స్త్రీలు పదిమంది వ్రాళ్లు చేసియుండిరి. నేను చేయనంటిని. "సంఖ్య చూపించాలి కదా తల్లీ" యని యతడు నొచ్చుకొనెను.

ఆ రాత్రి నాకు నిదుర రాలేదు. తప్పు వానిదా, మాదా? 1993 ఏప్రిలు 24వ తేదీన అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము ప్రకారము, గ్రామపు ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారును గ్రామసభ సభ్యులే. ఎన్నికలో గెలువ నక్కరలేదు. ఒకరి యనుమతి వలదు. అట్టి హక్కును మేము గడపకడ నిలిచి ధారవోయుచుంటిమి.

తరువాతి సభకు పొరుగింటి వదినెగారిని వెంటబెట్టుకొని పోతిని. పురుషులు కుర్చీలలో, స్త్రీలు దూరముగా వేపచెట్టు క్రింద. నాలుక పిడచగట్టుచున్నను లేచి, "మా వీధి కొళాయికి వారానికి రెండు రోజులే నీళ్లెందుకండీ?" యని యడిగితిని. కొందరు నవ్విరి. అంతట వదినెగారు, "ఆ మాట పుస్తకంలో రాయండి. రాసింది చదివి వినిపించండి" అనిరి. నవ్వులాగెను. వ్రాసిరి; చదివిరి. అప్పుడు వ్రాలు చేసితిమి.

నీరింకను ప్రతిదినము వచ్చుటలేదు. కాని మా ప్రశ్న పుస్తకమున నిలిచియున్నది. మరుసటి సభలో బదులు చెప్పక తప్పదు. సోదరీమణులారా! పుస్తకము మీ గడపకు వచ్చినచో వ్రాలు చేయకుడు. మీరే సభకు పొండు.